లీటరుకి మూడుంపావు

అనకాపల్లి,
3 ఫిబ్రవరి 2025

మావయ్యా, వందనాలు.

దేవుడి దయవల్ల ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. నేనొక్కదాన్నే మండిపోతున్నాను. ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. నీకు ఎలాగూ వినపడదు. దివ్యక్క ఫోనుకి మెసేజి పెడితే ఇల్లంతటికీ చదివి వినిపించి, ఆనక మా నాన్నకే తిరిగి పంపిస్తుంది. మొన్న క్రిస్మస్‌కి అలాగే అయింది కదా. నీ కోడలు మంచిదే, కాదనను, కానీ దాని కడుపులో మాట దాగదు. అందుకే ఖరగ్‌పూర్ దాకా కవరు పంపిస్తున్నాను. ఇది నీకూ నాకూ మధ్య మాట.

సంగతేంటంటే మన ఎబినేజరు డీజిలు తాగేస్తోంది. ఆ లారీ ఇంజను మూడుసార్లు విప్పి బిగించినవాడివి, నీకు నేను చెప్పాలా? తొంభై ఎనిమిది మోడలైనా, మార్కెట్ యార్డులో బెల్లం ఎత్తుకుని రాయగడ వెళ్ళి ఖాళీగా తిరిగొస్తే లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లకి ఏనాడూ తగ్గలేదు. జనవరి మూడో వారం నుంచి మూడుంపావు. మెల్లమెల్లగా తగ్గిందా అంటే అదీ కాదు. ఒక ట్రిప్పుకీ ఇంకో ట్రిప్పుకీ మధ్య దబ్బున పడిపోయింది. బంకు అదే, రోడ్డు అదే, లోడు అదే.

మారింది ఒక్కటే అంటున్నారు అందరూ. డ్రైవరు. నాన్నకి చూపు తగ్గి హెవీ లైసెన్సు రెన్యువల్ కాలేదు కాబట్టి అక్టోబరు నుంచి నేను తోలుతున్నాను. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలలూ నాలుగున్నరే ఇచ్చింది కదా అంటే వినేవాడు లేడు. యార్డు దగ్గర లారీ స్టాండులో త్రినాధరావు బాబాయి, అదే, నాన్నతో పాతికేళ్ళు కలిసి బండి తోలినాయన, పదిమందిలో నాన్నతో ఏమన్నాడో తెలుసా? “ఆడకాలు క్లచ్చి మీంచి లెగదు ధనరాజూ. సగం డీజిలు ఆ కాలే తాగేత్తంది.” అందరూ ఒకటే నవ్వు. నాన్న నవ్వలేదు, కానీ నా వైపు మాట్లాడనూ లేదు. ఇంటికొచ్చాక మెల్లిగా అన్నాడు, “త్రినాధు సెప్పిందాంట్లో తప్పేటుందే?” అని.

ఆ తర్వాత తీర్పు కూడా చెప్పేశాడు. ఈస్టరు ముందు శ్రమల దినాలు మొదలయ్యే రోజు, అంటే మార్చి ఐదు నుంచి, త్రినాధరావు స్టీరింగు పడతాడట. నేను ఇంట్లో కూర్చుని ట్రిప్పుల లెక్క రాయాలట. నేను హెవీ లైసెన్సు తీసుకున్నది నోటుబుక్కు నింపడానికా?

నాకు ఓదార్పు మాటలు వద్దు మావయ్యా. బండిలో ఎక్కడ చూడాలో, దేని తర్వాత ఏది చూడాలో చెప్పు. కాలు అని మాత్రం అనకు.

నీ మేనకోడలు,
సుజి

*

ఖరగ్‌పూర్,
8 ఫిబ్రవరి 2025

చిరంజీవి సుజికి మావయ్య ఆశీస్సులు.

నీ కవరు పోస్టుమేన్ చేతిలోంచి నేనే లాక్కున్నాను. ఏంటది మావయ్యా అని దివ్య సైగ చేసింది. బైబిలు పాఠాలన్నాను. దేవుడు నన్ను క్షమించాలి.

కాలు అని అనకు అన్నావు. అంటాను. నలభై ఏళ్ళు బళ్ళు విప్పినవాణ్ణి, మైలేజి పడిపోయిందని ఎవడొచ్చినా ముందు వాడి కాలు చూసి తర్వాతే బానెట్ ఎత్తేవాణ్ణి. క్లచ్చి మీద కాలు ఆనించి తోలితే ప్లేటు జారుతుంది, ఇంజను తిరుగుతుంది, చక్రం తిరగదు, డీజిలు గాల్లో కలిసిపోతుంది. మీ నాన్న కూడా కొత్తలో అలాగే తోలేవాడు. దించి ఎన్ని తిట్లు తిట్టానో ఆయన్నే అడుగు. ముందు కాలు చూసుకోండి అని బావకి కూడా ఒక కార్డు ముక్క రాసి పడేశాను. అంతమాత్రాన నీ మీద నమ్మకం లేదనుకోకు.

ఇప్పుడు పని చెబుతాను విను. ట్యాంకు మూత దాకా నింపి, తిరిగొచ్చాక అదే బంకులో అదే మూత దాకా నింపి చూడు. మీటరు ముల్లు చూసి చెప్పే మైలేజి నేను లెక్కలోకి తీసుకోను. బండి నిలిపినచోట ఇంజను కిందా ట్యాంకు కిందా అట్టముక్క పరుచు. బొట్టు పడిందంటే దొంగ దొరికినట్టే. ఎత్తు ఎక్కేటప్పుడు పొగ ఏ రంగో అద్దంలో గమనించు. నల్లగా ఉంటే గాలి అందడంలేదు, లేదా డీజిలు ఎక్కువ పోస్తోంది. ఎయిర్ ఫిల్టరు విప్పు. అప్పుడప్పుడు మునగపాక వైపు బెల్లం వండేచోటికి కూడా వెళ్ళి లోడు ఎత్తుతారు కదా, ఆ చెరుకు పిప్పి దుమ్ము ఫిల్టరు నిండా పట్టేసి ఉంటుంది.

ఇక్కడ కొడుకింట్లో నాకు పనేమీ లేదు. వీధిలో ఆగిన బండి బానెట్ మీద అరచెయ్యి పెట్టి రెండో సిలిండరు సరిగ్గా కొట్టడంలేదని చెబితే ఆ డ్రైవరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చెవులు పోయాక చెయ్యే నాకు చెవి అని వాడికి హిందీలో ఎలా చెప్పను? అదీగాక దివ్య ఆవనూనెతో కూరలు నేర్చుకుంది. తింటున్నాను. ఇంకేం చేస్తాను?

కశింకోట సంబంధం గురించి మీ అమ్మ రాసింది. పిల్లాడు బుద్ధిమంతుడట. ఆలోచించు తల్లీ.

మీ మావయ్య,
ఆనందకుమార్

*

అనకాపల్లి,
15 ఫిబ్రవరి 2025

మావయ్యా, వందనాలు. ఈసారి పళ్ళు బిగించి పెడుతున్నాను.

నువ్వు మీ బావకి రాసి పడేసిన కార్డు ముక్క ఏం చేసిందో తెలుసా? నాన్నకి కనపడక దాన్ని స్టాండుకి పట్టుకెళ్ళి తోటి డ్రైవరు చిన్నబాబు చేత చదివించుకున్నాడు. చిన్నబాబు గొంతు నీకు తెలుసు కదా, చర్చిలో మైకు అక్కర్లేని గొంతు. “ముందు కాలు చూసుకోండి” అని యార్డంతా వినపడేట్టు చదివాడు. త్రినాధరావు బాబాయి ఛాతీ విరుచుకుని, “సూసేవా, కరగపూరు నుంచి కూడా అదే మాట” అన్నాడు. నువ్వు మంచికే రాశావేమో. నాకు మాత్రం అక్కడే భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది. కానీ కుంగలేదు. లారీ ఎక్కి కూర్చుని హారన్ కొట్టాను, అందరూ చెవులు మూసుకునేదాకా కొట్టాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. మూత నుంచి మూత దాకా నింపి చూశాను, మూడుంపావే. రాత్రి నుంచి తెల్లారేదాకా అట్టముక్క పరిచాను, ఒక్క బొట్టు లేదు. ఫిల్టరు విప్పి దులిపితే చారెడు పిప్పి రాలింది, మళ్ళీ బిగించాను, మైలేజి కదల్లేదు. పొగ నల్లగా లేదు, మామూలే.

ఇవన్నీ అయ్యాక నాకు తిక్కరేగింది. త్రినాధరావు బాబాయి దగ్గరికెళ్ళి, “బాబాయ్, కాలే కదా తప్పు? ఈ ట్రిప్పు నువ్వు తోలు. నేను పక్కన కూకుంటాను” అన్నాను. ఆయన మీసం తిప్పుకుని ఎక్కాడు. నాన్న ప్రతి ట్రిప్పుకీ చేసినట్టే బండి చుట్టూ తిరిగి ప్రార్థన చేశాడు. మేమిద్దరం క్యాబిన్‌లో కళ్ళు మూసుకున్నాం. బాబాయి హిందువైనా మా నాన్న ప్రార్థన చేస్తే కళ్ళు మూసుకుంటాడు, ఆ మర్యాద ఉంది ఆయనకి. రాయగడ వెళ్ళాం, వచ్చాం, ట్యాంకు నింపాం. ఎంతొచ్చిందనుకున్నావు? మూడూ ఒక పాయింటు! నాకంటే తక్కువ!

ఇక నోరు మూసుకుంటాడనుకున్నాను. ఎక్కడ? దారిలో ఘాటురోడ్డు దిగి బండి ఆపినప్పుడే కాలిన వాసన గుప్పున కొట్టింది. ఆయన ముక్కు ఎగబీల్చి, “అదిగో, క్లచ్చి ప్లేటు కాలిపోనాది. నాలుగు నెలల్లో బండిని నాశనం సేసి పెట్టేసేవు, ఇప్పుడు ఎవుడు తోల్తే మాత్రం ఏటొత్తాది?” అన్నాడు. చూశావా? నేను తోలినా తప్పు నాదే, ఆయన తోలినా తప్పు నాదే. నాన్న ఆ మాట పట్టుకుని క్లచ్చి ప్లేటు మార్పించడానికి మెకానిక్‌ని మాట్లాడుతున్నాడు. ప్లేటు విప్పారంటే నా పేరు దాని మీద రాసేసినట్టే.

నువ్వు కూడా నమ్మకపోతే ఈ ఉత్తరం చింపేసి ఆవనూనె కూర తిను. నమ్మితే తర్వాత ఏం చూడాలో రాయి. కశింకోట సంబంధం గురించి ఉత్తరం చివర రాయడం మానెయ్. ఈసారి అక్కడిదాకా చదవను.

సుజి

*

ఖరగ్‌పూర్,
20 ఫిబ్రవరి 2025

కోపంగా ఉన్న నా మేనకోడలికి ఆశీస్సులు.

నా కార్డు వల్ల నీకు అవమానం జరిగింది. తప్పే. చిన్నబాబు చదువుతాడని నేనేం కలగన్నానా? అయినా తప్పే. బావకి ఇక కార్డు రాయను, రాస్తే కవర్లో పెడతాను.

త్రినాధు మూడూ ఒక పాయింటు తెచ్చాడని చదివి పగలబడి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో చెప్పలేక దివ్యకి అబ్రాహాముకి ముసలితనంలో కొడుకు పుట్టిన పాఠం అని చెప్పాను. ఇంత గట్టిగా నవ్వే పాఠం ఏంటా అని అది చూసింది.

ఇప్పుడు కాలు పక్కన పెట్టేశాను. నమ్మాను. పొగ మామూలుగా ఉంది, కారడంలేదు, ఫిల్టరు శుభ్రం. అంటే ఇంజను తన పని తాను చేస్తోంది. అది తెచ్చిన బలాన్ని దారిలో ఎవరో తినేస్తున్నారు. ఇంజను జోలికి పోకండి. క్లచ్చి కూడా ముట్టుకోనివ్వకు. క్లచ్చి పోయిందో లేదో తెలుసుకోవడానికి విప్పక్కర్లేదు. లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో యాక్సిలరేటరు తొక్కు. ఇంజను రయ్యిమని అరిచి బండి కదలకపోతే ప్లేటు పోయినట్టు. ఇంజను మూలుగుతూ బండిని లాగితే ప్లేటు బాగున్నట్టు.

తర్వాత ఇది చెయ్యి. కశింకోట దాటాక చదునుగా ఉన్న చోట, వెనక బళ్ళేవీ రానప్పుడు, ఖాళీ బండిని నలభైలో పెట్టి న్యూట్రల్ చేసి వదిలెయ్. అర కిలోమీటరైనా దానంతటది పోవాలి. ఎంత పోయిందో రోడ్డు పక్క రాళ్ళు చూసి చెప్పు. ఆ తర్వాత పది కిలోమీటర్లు బ్రేకు ముట్టుకోకుండా తోలి, చివర్లో గేర్లతోనే తగ్గించి ఆపి, దిగి, సీసాలో నీళ్ళు తీసుకుని ఒక్కొక్క చక్రం దగ్గర బ్రేకు డ్రమ్ము మీద చిలకరించి ఏది చుయ్యిమంటుందో చూడు. చెయ్యి మాత్రం పెట్టకు. నేను ఒకసారి పెట్టాను, ఆ మచ్చ నీకు చిన్నప్పుడు చూపించాను.

ఆ కాలిన వాసన సంగతి నాకు నచ్చడంలేదు. క్లచ్చి కాలితే ఎక్కేటప్పుడు రావాలి. దిగేటప్పుడు వచ్చిందంటున్నావు. ఈ పరీక్ష అయ్యేదాకా ఘాటు వైపు లోడు వేసుకోకు. ఇది ఆజ్ఞ అనుకో.

చివర్లో ఏమీ రాయడంలేదు, చూసుకో.

మావయ్య

*

అనకాపల్లి,
26 ఫిబ్రవరి 2025

మావయ్యా! వందనాలు, కోటి వందనాలు!

దొరికింది. క్లచ్చి కాదు, ఇంజను కాదు, నా కాలు కాదు.

క్లచ్చి పరీక్ష లోడు వేసుకుని యార్డు దగ్గర ఎత్తు మీదే చేశాను. ఇంజను మూలుగుతూ లాగింది. మెకానిక్‌ని గుమ్మంలోంచే వెనక్కి పంపేశాను. తర్వాత లోడు దింపించి, సాక్షి ఉండాలని చిన్నబాబుని ఎక్కించుకుని కశింకోట దాటించాను. నలభైలో న్యూట్రల్ చేస్తే రెండు వందల మీటర్ల రాయి ఒక్కటి దాటి ఉసూరుమంటూ ఆగిపోయింది. చిన్నబాబు అయితే, “ఏటే, ఎవురో ఎనక్కి లాగుతున్నట్టుంది” అన్నాడు. పది కిలోమీటర్లు బ్రేకు తొక్కకుండా తోలి నీళ్ళు చల్లాను. ముందు చక్రాల మీద తడి అలాగే జారిపోయింది. వెనక ఎడమ పక్క చుయ్యిమంది. కుడి పక్క ఇంకా గట్టిగా చుయ్యిమంది. ఆవిరి లేచింది మావయ్యా! ఆ కాలిన వాసన కూడా అక్కడే.

బండి చల్లారాక కిందకి దూరాను. వెనక చక్రాల బ్రేకు ఎంత దగ్గరగా పట్టాలో బిగించే నట్టు ఉంటుంది కదా, రెండు పక్కలా ఆ నట్టు మీద కొత్త స్పానరు గీతలు తళతళలాడుతున్నాయి. మిగతా అంతా మట్టీ గ్రీజూ, ఆ నట్లు మాత్రం కొత్త రూపాయిలా ఉన్నాయి. ఎవరో పనిగట్టుకుని బిగించారు. బ్రేకు పట్టుకునే ఉంది, నేను దాన్ని ఈడ్చుకుంటూ ఇన్నాళ్ళూ రాయగడ తిరిగాను.

ఎవరు బిగిస్తారు? నా సీటు ఎవరికి కావాలి? స్టాండుకి వెళ్ళి త్రినాధరావు బాబాయిని పదిహేనుమంది ముందు నిలదీశాను. “నా బండి కిందకి దూరి బ్రేకు బిగించి, తప్పు నా కాలు మీద పెట్టేత్తావా?” అన్నాను. ఆయన లేచి నిలబడి, “నూకాలమ్మ తోడు, నా సెయ్యి ఆ బండి కింద పెట్టలేదే. నిన్ను ఎత్తుకుని తిప్పినోణ్ణి” అన్నాడు. “ఎత్తుకున్న సేత్తోనే దించేత్తావా?” అన్నాను. టీ గ్లాసు అక్కడే బల్ల మీద పెట్టి, ఇక ఆ బండి తాళం చచ్చినా ముట్టుకోనని చెప్పి వెళ్ళిపోయాడు. నేను తగ్గలేదు.

ఇంటికొచ్చి చెబితే నాన్న మెచ్చుకుంటాడనుకున్నాను. అన్నం కంచం పక్కకి జరిపి లేచి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాత స్నేహితుణ్ణి అన్నానని కోపం కాబోలు. కూతురికి జరిగినదానికి కోపం రాలేదు చూడు! అమ్మ మా ఇద్దరినీ చూసి కంచాలు ఎత్తేసింది.

నట్టు నేను ముట్టుకోలేదు. బ్రేకు విషయం, నువ్వు చెప్పేదాకా ముట్టుకోను. ఎంత వదులు చెయ్యాలో రాయి.

గెలిచిన నీ మేనకోడలు,
సుజి

*

ఖరగ్‌పూర్,
3 మార్చి 2025

సుజి తల్లీ,

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. నాలుగు కాగితాలు చింపాను.

త్రినాధు నిజమే చెప్పాడు. ఆ నట్టు బిగించింది మీ నాన్న. బిగించమన్నది నేను.

జనవరి మొదట్లో బావ నాకు ఉత్తరం రాశాడు. ఎవరిచేతా రాయించలేదు, కనపడీ కనపడక పెద్ద పెద్ద అక్షరాలతో తనే రాశాడు. పది వాక్యాలకి మూడు పేజీలు పట్టాయి. నువ్వు లోడుతో ఘాటు దిగుతున్నావంటే ఆ పూటంతా తనకి ముద్ద దిగడంలేదని, మగవాడి కాలంత బరువుగా నీ కాలు బ్రేకు మీద పడదని, ఏం చెయ్యమంటావని అడిగాడు. నేను పెద్ద తెలిసినవాడిలా, వెనక బ్రేకులు మామూలు కంటే కాస్త దగ్గరగా బిగించు, మెల్లిగా తొక్కినా పడతాయి అని రాశాను. బ్రేకు లైనింగు అరిగి వదులవుతుంది కాబట్టి ప్రతి ట్రిప్పుకీ ముందు చూసుకో అని కూడా రాశాను. అమ్మాయికి చెబితే పంతానికి పోతుంది, చెప్పకు అని కూడా రాసింది నేనే. ప్రార్థన చేసేటప్పుడు చూసుకుంటానులే అని బావ జవాబిచ్చాడు. నువ్వు కళ్ళు మూసుకుని ఉంటావు కదా.

బిగించాక చక్రం చేత్తో తిరిగేదాకా నట్టు వెనక్కి వదలాలని నేను రాయలేదు. పాతికేళ్ళ డ్రైవరుకి అది చెప్పాలా అనుకున్నాను. చూపు లేని మనిషి చక్రం ఎత్తి చూసుకోలేడని నాకు తట్టలేదు. నీ మొదటి ఉత్తరం చూసినప్పుడు కూడా తట్టలేదు. నేను చెప్పినదాంట్లో తప్పుంటుందని అనుకోవడం నాకు అలవాటు లేదమ్మా. కాలిన వాసన దగ్గర మొదటిసారి అనుమానం వచ్చింది. స్పానరు గీతలు అని చదివాక ఇక అనుమానం లేదు.

ఇంకో మాట రాయకపోతే నాకు నిద్రపట్టదు. బిగిసిన బ్రేకు డ్రమ్ము వేడెక్కుతుంది, వేడెక్కిన బ్రేకు ఘాటులో పట్టదు. నీ ప్రాణం కాపాడాలని మేం చేసిన పనికి నువ్వు ఎన్నిసార్లు లోయ అంచున దిగొచ్చావో వేళ్ళ మీద లెక్కపెడుతూ కూర్చున్నాను. నీ కాలు చాలదని నిన్ను అడక్కుండానే ఇద్దరం తీర్మానించేశాం. దానివల్ల వచ్చిన నష్టాన్ని మళ్ళీ నీ కాలు మీదే వేశాం. నాకు సిగ్గుగా ఉంది.

చెయ్యాల్సింది ఇది. వెనక చక్రం జాకీ మీద లేపు. చక్రం బిగుసుకునేదాకా నట్టు తిప్పు, తర్వాత చేత్తో తోస్తే చక్రం ఆగకుండా తిరిగేదాకా వెనక్కి వదులు. రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఇన్నాళ్ళు కాలిన లైనింగు ఎలా ఉందో ముందు విప్పి చూడు, గాజులా మెరిస్తే మార్చెయ్. త్రినాధుకి క్షమాపణ చెప్పు. మీ నాన్నని మాత్రం ఏమీ అనకు, ఆయన భయపడ్డాడు అంతే.

మీ మావయ్య

*

అనకాపల్లి,
13 మార్చి 2025

మావయ్యా, వందనాలు.

నాన్నని ఏమీ అనకు అన్నావు. అన్నాను.

మార్చి ఐదున త్రినాధరావు బాబాయి రాలేదు. నాన్న తాళం నాకూ ఇవ్వలేదు. రెండు తాళాలూ బొడ్లో దోపుకుని కూర్చున్నాడు. నాలుగు రోజులు బండి కదల్లేదు, యార్డులో మన లోడు ఎదురుచూస్తూ ఉంది. తొమ్మిదో తారీకున ఆరాధన నుంచి వచ్చాక నీ ఉత్తరం తెరిచాను. ముందు రోజే వచ్చిందట, అమ్మ నా బైబిల్లో పెట్టి మర్చిపోయింది. రెండుసార్లు చదివాను. తర్వాత నాన్న ఎదురుగా కూర్చుని మూడోసారి పైకి చదివాను. పూర్తిగా, ఒక్క ముక్క వదలకుండా.

ఆయన “బయమేసిందే తల్లీ” అన్నాడు.

“బయమేత్తే నాతో సెప్పాలి నాన్నా. నట్టుతో కాదు” అన్నాను.

“సెప్తే ఊరుకుంటావేటి నువ్వు?”

“ఊరుకోను. పోట్లాడతాను. పోట్లాడితే ఏటవుద్ది? ఇలాగైతే లోయలో పడుందును. త్రినాధరావు బాబాయిని నేను దొంగని సేసి మాటాడితే, నువ్వు గోడవైపు తిరిగి తొంగున్నావు. అది బయం కాదు నాన్నా, అది తప్పు.”

గట్టిగానే అన్నాను. ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, “మా అన్న ఒకడు, ఈయనొకడు. ప్రార్దనలో కళ్ళు మూయించి స్పానరు తిప్పడవేటి, దేవుడు సూడ్డనుకున్నారా?” అంది. ఆ మాట నీకు యథాతథంగా రాయమంది.

బాబాయికి ఇంట్లో క్షమాపణ చెప్పలేదు. ఎక్కడ అరిచానో అక్కడే, ఆ పదిహేనుమంది ముందే, చేతులు పట్టుకుని చెప్పాను. నాన్న కూడా వచ్చి, బిగించింది నేనేరా త్రినాధూ అని అందరికీ వినపడేలా చెప్పాడు. ఆయనకి అది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెప్పనిచ్చాను. బాబాయి కాసేపు బెట్టు చేసి, “నేను ఆడకాలన్నాను, నువ్వు దొంగన్నావు. సరికి సరి పోనిద్దూ” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. “సరికి సరి కాదు బాబాయ్. నా మాట నేను తప్పని ఒప్పుకున్నాను. నీ మాట నువ్వు ఇంకా ఒప్పుకోలేదు” అన్నాను. చిన్నబాబు పకపకా నవ్వాడు. బాబాయి చుట్ట తీసి, ఉమ్మి, “సరేనే, కాలు కాదు” అన్నాడు. ఆ నాలుగు అక్షరాల కోసం నేను ఐదు వారాలు తిరిగాను.

అదే రోజు మధ్యాహ్నం వెనక చక్రాలు విప్పాం. లైనింగు నువ్వన్నట్టే గాజులా మెరుస్తోంది, మర్నాడు మార్పించాను. నట్టు నేనే తిప్పాను, నేనే వదిలాను. చక్రం చేత్తో తోస్తే చక్కగా తిరిగింది.

పదకొండున లోడు ఎత్తాం. నాన్న ఒక తాళం ఇచ్చాడు, రెండోది బొడ్లోనే ఉంచుకున్నాడు. నాన్న నేనూ వస్తానన్నాడు. రమ్మన్నాను, కానీ క్లీనరు సీటు అన్నాను. ప్రార్థన కూడా ఆయన్ని క్యాబిన్‌లో కూర్చునే చెయ్యమన్నాను, నేను కళ్ళు తెరుచుకునే ఆమెన్ చెప్పాను. దేవుడేమీ అనుకోడు. ఘాటు మొదలయ్యేముందు ఆపి, గేరు తగ్గించి దిగడం మొదలుపెట్టాను. నాన్నకి రోడ్డు సరిగ్గా కనపడదు కానీ ప్రతి మలుపూ ఒంటికి తెలుసు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు తన సీటు ముందున్న నేల రేకు మీద నొక్కుతూనే ఉంది. అక్కడ బ్రేకు లేదు కదా. చూశాను, ఏమీ అనలేదు. గేరు పట్టు మీదే దించుతూ, అవసరమైనచోట మాత్రమే తొక్కాను. సగం దిగేసరికి ఆయన కాలు నొక్కడం ఆపేసింది.

కింద ఆపి నీళ్ళు చల్లాం. ఘాటు దిగిన వేడి ఉంది కానీ చుయ్యిమనలేదు, వాసన లేదు. నాన్న చక్రం పక్కన నిలబడి, “బండి బాగా దిగిందే” అన్నాడు.

“బండి దిగలేదు నాన్నా. నేను దించేను” అన్నాను.

“అవున్లే. నువ్వే దించేవు” అన్నాడు. అని బొడ్లోంచి రెండో తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చి మూత దాకా నింపితే లీటరుకి నాలుగూ ఆరు పాయింట్లు వచ్చింది. కొత్త లైనింగు సర్దుకుంటే ఇంకాస్త పెరగొచ్చు. రేపు మళ్ళీ లోడుంది, తెల్లారే బయల్దేరాలి కాబట్టి ముగిస్తున్నాను. దివ్యక్కకి బైబిలు పాఠాలు అయిపోయాయని చెప్పు, నిజం కూడా చెప్పు, పాపం.

నీ మీద కోపం లేదు మావయ్యా. దోషం దొరికింది నీవల్లే, చేసిందీ నువ్వే. ఇకమీదట మీ బావాబామ్మర్దులకి నా కాలు గురించి ఏదైనా అనుమానమొస్తే, ఉత్తరం నాకు రాయండి. ఆ కాలు ఉన్నది నా దగ్గర.

సుజి